నత్తనడకన సర్వరు... నాడి చూసేవారేరీ?

'సర్వరు స్లోగా ఉందండీ, కాసేపు ఆగండి'... పాత దస్తావేజు నకలు కోసమో, ధ్రువపత్రం కోసమో, కొలతల పుస్తకంలోని ఒక పుట కోసమో కార్యాలయాల గుమ్మం తొక్కిన వారికి తరచూ ఎదురయ్యే సమాధానమిది. ఆ 'కాసేపు' ఒక్కోసారి పూటగా, మరోసారి రోజుగా మారుతుంది. పల్లె నుంచి పని మానుకుని వచ్చిన కూలీకి ఆ రోజు వేతనం పోతుంది. బస్సు ఛార్జీలు అదనం. కిటికీకి అవతల కూర్చున్న ఉద్యోగి పరిస్థితీ అంతంతమాత్రమే. తెరపై తిరుగుతున్న గుండ్రని గుర్తును చూస్తూ జనం విసుగును భరించాల్సి వస్తుంది.

ఇలాంటి సందర్భాల్లో సాధారణంగా జరిగేవి రెండే. సర్వరును ఆపి మళ్లీ ప్రారంభించడం మొదటిది. కొత్త సర్వరు కావాలంటూ పై అధికారులకు ప్రతిపాదన పంపడం రెండోది. మొదటిది తాత్కాలిక ఉపశమనం. రెండోది లక్షల రూపాయల వ్యవహారం. ఈ రెండింటి నడుమ జరగాల్సిన అసలు పని, అంటే జాప్యం ఎక్కడ పుడుతోందో కొలిచి తేల్చడం, చాలాచోట్ల జరగడం లేదు. రోగి నాడి చూడకుండానే మందు రాసిన చందంగా సాగుతున్న ఈ తీరే సమస్యకు మూలం.

ఏ సర్వరు నిదానం?

'సర్వరు' అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు వ్యవస్థలు కలిసిపోతున్నాయి. రాష్ట్ర రాజధానిలోని డేటా కేంద్రంలో ఉండి, జిల్లాలన్నింటికీ సేవలందించే కేంద్ర వ్యవస్థ ఒకటి. 2011లో ఆరంభమైన మీసేవ వంటివి ఈ కోవకు చెందుతాయి. అవి మొరాయిస్తే స్థానిక సిబ్బంది చేయగలిగింది పరిమితం. కార్యాలయంలోనే ఒక మూలగదిలో ఉండి, అక్కడి కంప్యూటర్లన్నింటికీ ఉమ్మడి బీరువాలా పనిచేసే ఫైల్ సర్వరు రెండోది. స్కాన్ చేసిన పత్రాలు, లెక్కల పట్టికలు, ఛాయాచిత్రాలు, పటాలు అందులోనే భద్రపరుస్తారు. కళాశాలలు, ఆసుపత్రులు, ముద్రణాలయాలు, ఇంజినీరింగ్ కార్యాలయాలు సైతం దీనిపైనే ఆధారపడతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో 'కార్డ్' పథకం కింద రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలైన నాటి నుంచి స్థానికంగా సమాచారం నిల్వచేసే అలవాటు క్రమేణా విస్తరించింది. నిల్వలు పెరిగిన వేగంతో వాటిని మోసే వ్యవస్థపై శ్రద్ధ పెరగలేదు. కేంద్ర వ్యవస్థ తెరుచుకోక, ఉమ్మడి ఫోల్డరు వెంటనే తెరుచుకుంటే లోపం బయట ఉన్నట్లు. ఉమ్మడి ఫోల్డరే మొరాయిస్తే లోపం కార్యాలయం గోడల మధ్యే ఉన్నట్లు. ఈ రెండోదాన్ని అక్కడికక్కడే చక్కదిద్దుకునే వీలుంది.

మార్గంలో అయిదు మజిలీలు

ఉద్యోగి ఒక ఫైలుపై మీట నొక్కగానే ఆ అభ్యర్థన అయిదు మజిలీలు దాటాలి. ఉద్యోగి కంప్యూటరు, గోడ వెంట సాగే తీగ, తీగలన్నీ కలిసే స్విచ్, సర్వరులోని ప్రాసెసరు-మెమరీ, చివరగా డిస్కు. సమాధానం తిరిగి అదే దారిన రావాలి. వీటిలో ఏ ఒక్కటి కుంటుపడినా తెరపై కనిపించేది ఒకే లక్షణం... జాప్యం. లక్షణం ఒకటే అయినా రోగాలు అయిదు రకాలు కావచ్చు.

ఈ మజిలీల మధ్య సంభాషణకు నిర్ణీత భాషలున్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించిన ఎన్ఎఫ్ఎస్ యూనిక్స్, లైనక్స్ యంత్రాల్లో వాడుకలో ఉంది. ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ వద్ద ఎదిగిన ఎస్ఎంబీ విండోస్ కంప్యూటర్ల భాష. లైనక్స్ సర్వరు సైతం విండోస్ కంప్యూటర్లతో మాట్లాడేలా చేసే 'సాంబా'కు ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో శ్రీకారం చుట్టారు. భాష ఏదైనా పరీక్షించే పద్ధతి మాత్రం ఒక్కటే.

నాలుగు పరీక్షలతో సగం గుట్టు రట్టు

ఖరీదైన పరికరాలేవీ లేకుండా, ఒక గడియారం, ఒక కాగితంతో తొలి నిర్ధారణ సాధ్యమే. మొదట ఒక గిగాబైటు పరిమాణం గల ఒకే ఫైలును సర్వరు నుంచి కంప్యూటరుకు నకలు చేసి సమయం నమోదు చేయాలి. తర్వాత అంతే పరిమాణం వచ్చేలా వేలాది చిన్న ఫైళ్లను నకలు చేసి చూడాలి. మూడోది, ఇదే పరీక్షను రద్దీ లేని ఉదయం వేళ, రద్దీగా ఉండే పదకొండున్నర గంటల వేళ జరపాలి. నాలుగోది, నిదానంగా ఉందన్న కంప్యూటరుతో పాటు పక్క గదిలోని మరో కంప్యూటరు నుంచీ పరీక్షించాలి.

ఈ నాలుగు అంకెలు చాలా సంగతులు చెబుతాయి. ఒకే కంప్యూటరు నిదానమైతే సర్వరును నిందించి ప్రయోజనం లేదు. ఆ కంప్యూటరునో, దాని తీగనో చూడాలి. ఒక గదిలోని కంప్యూటర్లన్నీ నిదానమైతే ఆ గది స్విచ్‌పై అనుమానం. పెద్ద ఫైలు వేగంగా వచ్చి, చిన్న ఫైళ్లు మాత్రమే ఆగి ఆగి వస్తుంటే తీగల సామర్థ్యం సరిపోతున్నట్లే. లోపం డిస్కులోనో, రాకపోకల సంఖ్యలోనో ఉన్నట్లు. ఉదయం బాగుండి మధ్యాహ్నానికి మందగిస్తే అది రద్దీ వల్ల తలెత్తిన చిక్కు. అన్ని వేళలా, అందరికీ నిదానమే అయితే అప్పుడు సర్వరు తలుపు తీయాలి.

తీగ తెగకపోయినా తంటానే

సెకనుకు 100 మెగాబిట్ల తీగ మీద ఆచరణలో దాదాపు 11 మెగాబైట్లు ప్రయాణిస్తాయి. ఒక గిగాబైటు ఫైలుకు ఒకటిన్నర నిమిషం పడుతుంది. గిగాబిట్ తీగ మీద అదే ఫైలు పది సెకన్లలోపే రావాలి. గిగాబిట్ పరికరాలున్న కార్యాలయంలో ఒకటిన్నర నిమిషం పట్టిందంటే తీగ తన సామర్థ్యంలో పదో వంతుకు పడిపోయిందన్నమాట.

ఇందుకు కారణం చాలా చిన్నది కావచ్చు. తీగ లోపల నాలుగు జతలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఎలుక కొరికినా, కుర్చీ చక్రం కింద నలిగినా, కొనలో బిగింపు వదులైనా ఒక జత దెబ్బతింటుంది. సంబంధం పూర్తిగా తెగిపోకుండా తక్కువ వేగానికి పడిపోతుంది. 'నెట్‌వర్క్ పనిచేస్తూనే ఉంది కదా' అని సిబ్బంది భ్రమపడతారు. పాత స్విచ్‌ల వద్ద మరో చిక్కుంది. ఒక వైపు వేగాన్ని చేత్తో నిర్దేశించి, మరోవైపు దానంతట అదే ఎంచుకునేలా వదిలేస్తే, ఒకరు రెండు దిశల్లో ఒకేసారి మాట్లాడుతుంటారు, మరొకరు ఒక దిశ ముగిసేదాకా ఆగుతుంటారు. ఫలితంగా మాటలు ఢీకొని మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. స్విచ్‌లోని లోపాల లెక్క పెరుగుతూ పోవడమే దీనికి ఆనవాలు. స్విచ్‌కు మరో స్విచ్, దానికి ఇంకో స్విచ్ గొలుసుకట్టుగా తగిలించడం వల్ల ఇరవై మంది రాకపోకలు ఒకే సన్నని దారి వద్ద ఇరుక్కోవడం కూడా పరిపాటిగా మారింది.

డిస్కు ముందు బారులు

తీగలు సవ్యంగానే ఉన్నాయని తేలితే చూపు డిస్కు వైపు మళ్లాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావాల్సిన చోటు కిందికి రావడానికి సగటున అందులో సగం, చదివే ముల్లు కదలడానికి మరో ఎనిమిది మిల్లీసెకన్లు. వెరసి ఒక్కో పనికి సుమారు 12 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 80 పనులకు మించి అది చేయలేదు. వరుసగా ఉన్న పెద్ద ఫైలును చకచకా అందించే డిస్కే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ల వద్ద చతికిలపడటానికి కారణమిదే.

డిస్కులను జట్టుకట్టే విధానం కూడా కీలకం. ఎక్కువ నిల్వ దక్కుతుందన్న ఆశతో చాలామంది రెయిడ్-5 పద్ధతిని ఎంచుకుంటారు. ఇందులో చిన్న మార్పు ఒకటి రాయాలన్నా పాత సమాచారం చదవడం, పాత సరిచూపు చదవడం, కొత్తవి రెండూ రాయడం... మొత్తం నాలుగు పనులు తప్పవు. నాలుగు డిస్కుల జట్టు సెకనుకు 320 సార్లు చదవగలిగినా, రాతలకు వచ్చేసరికి 80కి పడిపోతుంది. అవే నాలుగు డిస్కులను రెయిడ్-10 పద్ధతిలో అమరిస్తే రాతలు 160కి చేరతాయి. నిల్వ స్థలం మాత్రం కొంత తగ్గుతుంది.

ఎవరి దృష్టికీ రాని మరో శత్రువు బ్యాటరీ. రాయాల్సిన సమాచారాన్ని డిస్కుల నియంత్రణ పరికరం ముందుగా తన మెమరీలో ఉంచుకుని, 'రాశాను' అని సమాధానమిచ్చి, తర్వాత తీరిగ్గా డిస్కుకు చేరుస్తుంది. కరెంటు పోయినా ఆ సమాచారం పోకుండా కాపాడేది చిన్న బ్యాటరీ. వేడి గదుల్లో దాని ఆయుష్షు మరింత తగ్గుతుంది. అది నిర్వీర్యం కాగానే పరికరం జాగ్రత్తపడి, ప్రతి రాతనూ నేరుగా డిస్కుకే పంపడం మొదలుపెడుతుంది. ఒక్క రోజులో వేగం అథఃపాతాళానికి పడిపోతుంది. జట్టులో ఒక డిస్కు చెడిపోయి నారింజ రంగు దీపం నెలల తరబడి వెలుగుతున్నా పట్టించుకోని గదులకు కొదవలేదు. అక్కడ వేగంతో పాటు సమాచారం మనుగడే ప్రమాదంలో ఉన్నట్లు లెక్క.

పదకొండు గంటలకే ఎందుకు?

ఉదయం బాగానే నడిచిన సర్వరు రద్దీ వేళ ఒక్కసారిగా కూలబడినట్లు ఎందుకనిపిస్తుంది? దీనికి వరుసల గణితం జవాబు చెబుతుంది. బస్టాండులో టికెట్ల కిటికీ వద్ద గుమస్తా సగం సమయమే పనిలో ఉంటే, వచ్చినవారికి పట్టే కాలం ఖాళీ వేళకన్నా సుమారు రెండింతలు. పని 80 శాతానికి చేరితే అయిదింతలు. 90 శాతానికి చేరితే పదింతలు. భారం కొద్దిగా పెరిగినా నిరీక్షణ అమాంతం పెరుగుతుంది. డిస్కు పరిస్థితీ ఇంతే. ఆ చివరి పది, ఇరవై శాతం భారాన్ని తప్పిస్తే చాలు, కొత్త యంత్రం అవసరం లేకుండానే ఊరట లభిస్తుంది.

ఆ భారం ఎక్కడిదో వెదికితే ఆశ్చర్యకరమైన సంగతులు బయటపడతాయి. రాత్రి జరగాల్సిన బ్యాకప్ ఆలస్యమై ఉదయం పనివేళల్లో కొనసాగుతుంటుంది. ఒకే ఫైలును సర్వరులోని యాంటీవైరస్ ఒకసారి, ఉద్యోగి కంప్యూటరులోనిది మరోసారి తనిఖీ చేస్తుంటుంది. ఎవరో సొంత సినిమాలు, పెళ్లి వీడియోలు ఉమ్మడి ఫోల్డరులోకి నకలు చేస్తుంటారు. డిస్కు నిండి అంచుకు చేరితే ఒకే ఫైలు ముక్కలై పలుచోట్ల సర్దుకోవాల్సి వస్తుంది. లైనక్స్ ఎన్ఎఫ్ఎస్ సర్వర్లలో ఏకకాలంలో అభ్యర్థనలు అందుకునే పనివారి సంఖ్య చాలాకాలం ముందస్తుగా 8గానే ఉంటూ వచ్చింది. కంప్యూటర్లు పెరిగినా ఆ అంకెను మార్చని కార్యాలయాల్లో, డిస్కు ఖాళీగానే ఉన్నా అభ్యర్థనలు గుమ్మం వద్దే నిలిచిపోతాయి.

ఇవన్నీ చూపే సాధనాలు సర్వరులోనే ఉచితంగా ఉన్నాయి. లైనక్స్‌లో 'ఐఓస్టాట్' డిస్కు వద్ద ఒక్కో పనికి పడుతున్న సమయాన్ని, 'ఎన్ఎఫ్ఎస్‌స్టాట్' మళ్లీ పంపాల్సి వచ్చిన అభ్యర్థనల సంఖ్యను చెబుతాయి. విండోస్‌లో ఈ పని 'పెర్ఫార్మెన్స్ మానిటర్' చేస్తుంది. డిస్కు వద్ద సగటు సమయం 20 మిల్లీసెకన్లు దాటి నిలకడగా కొనసాగితే బారులు పెరుగుతున్నట్లే. సర్వరును ఆపి మళ్లీ ప్రారంభిస్తే ఈ ఆనవాళ్లలో చాలా భాగం చెరిగిపోతుందన్నది గమనార్హం. కొలతలు రాసుకున్నాకే ఆ మీట జోలికి వెళ్లడం వివేకం.

చిన్న ఫైళ్లు... పెద్ద చిక్కు

శాఖా కార్యాలయం నుంచి జిల్లా కేంద్రంలోని ఫైళ్లను తెరిచే చోట మరో రకం సమస్య ఎదురవుతుంది. అక్కడ తీగ వెడల్పు కన్నా రాకపోకలకు పట్టే కాలమే ముఖ్యం. ఒక ఫైలు తెరవడానికి పేరు వెదకడం, అనుమతి చూడటం, చదవడం, మూయడం వంటివన్నీ కలిపి 20 రాకపోకలు అవసరమనుకుంటే, ఒక్కో దానికి 40 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఫైలుకు 0.8 సెకను. అలాంటివి 500 ఉంటే 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలకు పైమాటే. ఒకే భవనంలో, అర మిల్లీసెకను దారిలో అదే పని 5 సెకన్లలో ముగుస్తుంది. రెండింతల వేగం గల కనెక్షన్ తీసుకున్నా ఆ ఆరున్నర నిమిషాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. ఒక దస్తావేజులోని 40 పుటలను 40 బొమ్మలుగా కాకుండా ఒకే ఫైలుగా భద్రపరచడం, లక్ష ఫైళ్లను ఒకే ఫోల్డరులో కుక్కకుండా ఏడాది, నెలల వారీగా విభజించడం ఇక్కడ అసలైన చికిత్స. దీనికయ్యే ఖర్చు సిబ్బంది శ్రమ మాత్రమే.

వేగం కోసం భద్రత బలి?

తొందరపాటు చికిత్సలు కొన్ని రోగాన్ని మించిన ముప్పు తెస్తాయి. ఎన్ఎఫ్ఎస్‌లో 'ఎసింక్' అన్న అమరికను ఎంచుకోగానే రాతల వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. సమాచారం డిస్కుకు చేరకముందే సర్వరు 'రాశాను' అని చెప్పేయడమే అందులోని కిటుకు. ఆ క్షణంలో కరెంటు పోతే రాసినట్లు చెప్పింది ఎక్కడా ఉండదు. తాత్కాలిక ఫైళ్లకు ఈ పద్ధతి చెల్లవచ్చు గానీ, పౌరుల ఆస్తి పత్రాలకు ఎంతమాత్రం తగదు. 1995 నాటి ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షనే ఈ చిక్కుకు మేలైన మార్గం చూపింది. రాతలను ముందుగా స్వీకరించి, చివర్లో అన్నింటినీ డిస్కుకు చేర్చినట్లు ఒకేసారి ధ్రువీకరించే పద్ధతి అది. బ్యాటరీ రక్షణ గల నియంత్రణ పరికరం, కరెంటు పోయినా సమాచారాన్ని నిలుపుకొనే ఎస్ఎస్‌డీలు దీనికి తోడైతే వేగం, భద్రత రెండూ సిద్ధిస్తాయి.

విండోస్ వైపు ఇలాంటి ప్రమాదమే ఎస్ఎంబీ తొలి వెర్షన్‌తో పొంచి ఉంది. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన 'వన్నాక్రై' ఈ పాత భాషలోని లోపం ఆసరాగానే ఒక కంప్యూటరు నుంచి మరోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సైతం అప్పట్లో దాని బారినపడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచి విండోస్ కొత్త వెర్షన్లలో పాత భాషను ముందస్తుగా అమర్చడం మానేశారు. అయినా పాత స్కానర్లు పనిచేయడం కోసం కొందరు దాన్ని చేత్తో మళ్లీ తెరుస్తున్నారు. ఎన్నో రాకపోకలతో నడిచే ఆ భాష నిదానానికీ, ముప్పునకూ రెండింటికీ మూలమన్న సంగతి విస్మరించరాదు.

కొనుగోలు... చివరి మెట్టు

చికిత్సకు ఒక క్రమం ఉంది. ముందు ఖర్చులేనివి... బ్యాకప్ వేళలు మార్చడం, అనవసర ఫైళ్లు తొలగించడం, ఫోల్డర్లు విభజించడం, అమరికలు సరిచూడటం. తర్వాత స్వల్ప ఖర్చువి... తీగలు, స్విచ్, బ్యాటరీ మార్చడం. ఆపై మెమరీ పెంపు. తరచూ అడిగే ఫైళ్లు మెమరీలోనే ఉంటే డిస్కును కదిలించే పనే ఉండదు. అప్పటికీ డిస్కే అడ్డంకి అని కొలతలు చెబితే ఎస్ఎస్‌డీలు అమర్చాలి. సెకనుకు 80 పనుల చోట వేలాది పనులు చేయగల సత్తా వాటిది. ఇవన్నీ అయ్యాకే కొత్త సర్వరు ఆలోచన. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, మళ్లీ కొలవడం తప్పనిసరి. అయిదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియకుండా పోతుంది.

ఈ క్రమం తిరగబడితే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. దెబ్బతిన్న తీగ చివర లక్షల విలువైన సర్వరును తగిలించినా, ఒక గిగాబైటు ఫైలు అదే ఒకటిన్నర నిమిషంలో వస్తుంది. ప్రజాధనం ఖర్చవుతుంది. కిటికీ ముందు బారు మాత్రం తరగదు.

పుస్తకంలో నాలుగు అంకెలు

వార్షిక నిర్వహణ ఒప్పందాలు సైతం ఈ దృష్టితో మారాల్సి ఉంది. 'పిలిస్తే వచ్చి చూడాలి' అన్న షరతుతోనే సరిపుచ్చుకోకుండా, నెలకోసారి డిస్కుల స్థితి, బ్యాటరీ స్థితి, నకలు పరీక్షల సమయం, ఖాళీ స్థలం... ఈ నాలుగు అంకెలు పుస్తకంలో రాసి సంతకం చేయాలన్న నిబంధన ఉండాలి. బాగున్న రోజు అంకె తెలిస్తేనే బాగోలేని రోజు తేడా తెలుస్తుంది. కొత్త సర్వరు ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని జతచేయమని అధికారులు అడిగితే, అవసరం లేని కొనుగోళ్లకు అడ్డుకట్ట పడుతుంది. అవసరమైన కొనుగోలుకు తిరుగులేని ఆధారమూ దొరుకుతుంది.

జిల్లా కేంద్రం దాకా రెండు బస్సులు మారి వచ్చిన వృద్ధురాలికి రెయిడ్ అంటే ఏమిటో, ఎన్ఎఫ్ఎస్ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. ఆమె కాగితం ఆ పూటే ఆమె చేతికి అందితే చాలు. అందకపోవడానికి కారణం ఎలుక కొరికిన తీగో, కాలం చెల్లిన బ్యాటరీయో, పగటిపూట నడుస్తున్న బ్యాకప్పో అయితే ఆ జాప్యం కచ్చితంగా నివారించదగ్గదే. 'సర్వరు స్లో' అన్న మాటను ఇకనైనా జవాబుగా కాక ప్రశ్నగా స్వీకరించి, కొలతతో బదులు వెదకాల్సిన బాధ్యత యంత్రాంగంపై ఉంది.